పెంకుమనిషి కుబుసం: ఒక బొమ్మ తయారీ డైరీ

1వ రోజు

ఈ రోజు పని మొదలుపెట్టాను. బల్ల మీద పాత దినపత్రికలు పరిచి, వాటి మీద మట్టి ముద్ద, రెండు మందాల్లో అల్యూమినియం తీగ చుట్టలు, కటింగ్ ప్లయర్, పాత టూత్‌బ్రష్ పెట్టుకున్నాను. ఎదురుగా గోడకి మూడు బొమ్మలు అంటించాను. మూడూ నేనూ తమ్ముడూ నాలుగేళ్లుగా ఆడుతున్న వీడియో గేమ్‌లోవి. అందులో మనిషిలా మాట్లాడే పురుగుజాతి ఒకటి ఉంది. ఆరు కాళ్లలో నాలుగింటి మీద నడుస్తారు, ముందు రెండూ చేతులు. ఒళ్లంతా ముదురు గోధుమరంగు పెంకు. ఆటలో వాళ్ల పేరు వేరే అయినా మా గుంపులో అందరం పెంకుమనుషులనే అంటాం.

ఆట తయారుచేసినవాళ్లు వీళ్ల గురించి చెప్పింది బాగా తక్కువ, చూపించింది మాత్రం చాలా ఉంది. ప్రతి ఇంటి పక్కనా మూత ఉన్న గుండ్రటి గుంట ఒకటి కనబడుతుంది. అది సమాధి అని కొందరు, తిండి దాచుకునే పాతర అని కొందరు వాదిస్తారు. రెండో అంకంలో ద్వారపాలకుడికి ఎడమ ముంజేయి తెగిపోతుంది. ఐదో అంకంలో చూస్తే చేయి మళ్లీ ఉంటుంది. గీసినవాళ్లు మరిచిపోయారని అందరూ తేల్చేశారు. మాట్లాడేటప్పుడు వీళ్ల నోరు కదలదు. ముసలివాళ్లకి రెక్కలుంటాయి గానీ ఆట మొత్తంలో ఒక్కరూ ఎగరరు.

ఇవన్నీ పొరపాట్లంటే నాకు మనసొప్పదు. మూత మీద గీతలు కూడా ఇంటింటికీ మార్చి గీసినవాళ్లు ఒక చేతిని మరిచిపోతారా? అందుకే ద్వారపాలకుడి బొమ్మ చేస్తున్నాను. పక్కనున్న తలుపుల కొలతతో పోల్చి చూస్తే అతని ఎత్తు 135 సెంటీమీటర్లు వచ్చింది. నా బొమ్మ అందులో మూడో వంతు, 45 సెంటీమీటర్లు. పెట్టుకున్న షరతు ఒకటే: ఆ ఒంట్లో నేను ఏ భాగం పెట్టినా అది భూమ్మీద ఏదో ఒక జీవిలో నిజంగా ఉన్నదై ఉండాలి. పురుగే కానక్కర్లేదు. పీత, సాలీడు, తేలు, ఏదైనా సరే.

4వ రోజు

నమూనాగా ముందు 15 సెంటీమీటర్ల చిన్న బొమ్మ చేశాను. 2 మిల్లీమీటర్ల తీగతో కాళ్లు, దాని మీద గట్టిగా మట్టి. తూకం వేస్తే 200 గ్రాములు. నాలుగు కాళ్ల మీద చక్కగా నిలబడింది. బల్లని కుదిపినా పడలేదు.

తమ్ముడు చూసి, “బాగుందక్కా. ఇక అన్నీ మూడింతలు చేసేస్తే అయిపోతుంది కదా?” అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

6వ రోజు

అన్నీ మూడింతలు చేశాను. ఎత్తు 45 సెంటీమీటర్లు, తీగ మందం 6 మిల్లీమీటర్లు. పొద్దున నిలబెట్టి చేతులు తీశాను. ఒక నిమిషం నిలబడింది. తర్వాత వెనక కుడికాలి మోకాలి దగ్గర మట్టి సన్నగా నెర్రె విచ్చింది. ఆ నెర్రెలోంచి తీగ మెరుస్తూ కనబడింది. చూస్తుండగానే మోకాలు మెల్లగా బయటికి జారింది, దాని వెనకే పక్క కాలు. పొట్ట బల్లకి ఆనేదాకా నాలుగు కాళ్లూ పరుచుకుపోయాయి.

తూకం వేస్తే 5.4 కిలోలు. పొడవు మూడింతలైతే బరువు మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవయ్యేడు రెట్లు అవుతుంది. కాలిని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం మాత్రం తొమ్మిది రెట్లే పెరుగుతుంది. అంటే తీగలో ప్రతి చదరపు మిల్లీమీటరూ మునుపటికి మూడింతల భారం మోయాలి. జంతువు పెద్దదయ్యేకొద్దీ ఎముక అంతకు మించి లావెక్కాలని 1638లోనే గెలీలియో రాశాడు. పుస్తకంలో ఎన్నోసార్లు చదివిన సంగతే. కానీ ఆ మోకాలు జారుతుంటే నా చేయి దానంతటదే ముందుకెళ్లింది, పట్టుకుందామని. చదివినప్పుడు అలా ఎప్పుడూ అనిపించలేదు.

చీమ తన బరువుకి ఎన్నో రెట్లు మోస్తుంది కాబట్టి మనిషంత చీమ కారుని ఎత్తేస్తుందని మా గుంపులో ఇప్పటికీ అంటుంటారు. మనిషంత చీమ తన ఒళ్లు తానే మోయలేదు.

9వ రోజు

కాళ్లు మళ్లీ చేశాను. ఈసారి తీగ లేదు, మట్టీ లేదు. కాగితాన్ని జిగురులో తడిపి పెన్సిల్ చుట్టూ ఎనిమిది చుట్లు చుట్టి గొట్టాలు చేశాను. ఆరాక పెన్సిల్ లాగేస్తే లోపల అంతా ఖాళీ. తీగ కాలితో పోలిస్తే బరువే లేదు, అయినా అరచేతితో గట్టిగా నొక్కితే వంగలేదు. పురుగు కాలు ఇలాంటి గొట్టమే. మనకి ఎముక లోపల, కండ బయట. వాటికి పెంకు బయట, కండ లోపల. అదే పదార్థాన్ని కడ్డీలా కాకుండా గొట్టంలా వాడితే వంపుకి బాగా ఎదురు నిలుస్తుంది.

ఇందులో చిక్కు ఒకటుంది. గొట్టాన్ని పక్క నుంచి గోటితో నొక్కితే సొట్ట పడుతుంది, సొట్ట పడ్డ చోట మడతపడి కూలిపోతుంది. ఒళ్లు పెరిగేకొద్దీ ఈ భయమూ పెరుగుతుంది. దీనికి జవాబు పురుగుల్లోనే దొరికింది. వాటి పెంకు చాలాచోట్ల లోపలికి మడిచి, అడ్డకర్రల్లా, కొక్కేల్లా ఉంటుంది. కండలు పట్టుకునేది ఆ మడతల్నే. తల లోపల కూడా అలాంటి చట్రం ఉంటుంది. నేనూ ప్రతి గొట్టంలో నిలువునా కాగితం పట్టీ ఒకటి అతికించాను. ఆ తర్వాత గోటితో నొక్కితే సొట్ట పడలేదు.

నేల మీద ఇప్పుడు బతికున్న కీళ్లకాళ్ల జీవుల్లో అన్నిటికన్నా పెద్దది కొబ్బరి పీత. బరువు 4 కిలోల దాకా, కాళ్లు చాపితే మీటరు. పాతకాలంలో ఆర్థ్రోప్ల్యూరా అనే రోకలిబండ జాతి జీవి రెండున్నర మీటర్ల పొడవుండేది, కానీ నేలకి కరుచుకుని పాకేది. ద్వారపాలకుడి బరువు 30 కిలోలు అనుకున్నాం. కొబ్బరి పీతకి ఏడు రెట్లకు పైనే. అందుకే కాళ్లని సాలీడులా పక్కకి చాపకుండా గుర్రం కాళ్లలా ఒంటి కిందికి నిలువుగా దించాను. ఆటలోని బొమ్మతో ఇది సరిపోదు, అక్కడ కాళ్లు పక్కకే ఉంటాయి. ఈ ఒక్క విషయంలో ఆట తప్పు, నా బొమ్మ ఒప్పు అనుకుంటున్నాను.

12వ రోజు

ఊపిరి సంగతి. మూడు రోజులుగా వేరే పని చేయలేదు.

పురుగులకి ఊపిరితిత్తులు ఉండవు. ఒంటి పక్కల చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అక్కణ్నుంచి సన్నని వాయునాళాలు కొమ్మలు కొమ్మలుగా చీలి కణాల దాకా గాలిని తీసుకెళతాయి. రక్తానికి ఆక్సిజన్ మోసే పని దాదాపు ఉండదు. ఒళ్లు చిన్నదైతే ఇది గొప్ప ఏర్పాటు. ఒళ్లు పెరిగితే నాళాలు పొడుగై లోపల ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. 2007లో నాలుగు జాతుల పెంకుపురుగుల్ని ఎక్స్‌రే తీసి చూసినప్పుడు, పెద్ద పురుగుల్లో కాలు ఒంటికి అతికే సన్నని చోట వాయునాళాలకి చోటు కరువవుతోందని తేలింది. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట మెగాన్యూరా అనే తూనీగలాంటి పురుగుకి రెక్క చివరి నుంచి రెక్క చివరికి 65 సెంటీమీటర్లకు పైగా ఉండేది. అప్పటి గాలిలో ఆక్సిజన్ ఇప్పటి 21 శాతం కాదు, 30 శాతం దాటి ఉండేదని అంచనా. ఆటలోని లోకంలోనూ గాలి అలాంటిదే అనుకుందామని గుంపులో చాలామంది అంటారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. అదే లోకంలో మామూలు మనుషులు దీపాలు పెట్టుకుంటున్నారు, పొయ్యిలు వెలిగించుకుంటున్నారు. అంత ఆక్సిజన్ ఉంటే నిప్పు అలా అదుపులో ఉండదు.

కాబట్టి పెంకుమనిషికి నాళాలు తీసేసి తేలు ఊపిరితిత్తులు పెట్టాను. తేళ్లకీ చాలా సాలీళ్లకీ పుస్తకాకార ఊపిరితిత్తులుంటాయి. పుస్తకం పేజీల్లా పలుచని రేకులు దొంతరగా ఉంటాయి, మధ్యలో గాలి, రేకుల లోపల రక్తం. ఎంత చోటు కలిసొస్తుందో చూద్దామని 8 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న 60 కాగితాలు కత్తిరించి దొంతర కట్టాను. రెండు వేళ్ల మధ్య పట్టుకునేంత మందమే. రెండు వైపులా లెక్కేస్తే 4,800 చదరపు సెంటీమీటర్లు. దినపత్రికలో రెండున్నర పేజీలకు పైగా నా రెండు వేళ్ల మధ్య ఉంది! అలాంటి జేబులు ఒంటికి ఇటు నాలుగు, అటు నాలుగు పెట్టాను. రక్తంలో ఆక్సిజన్ మోయడానికి పీతలూ తేళ్లూ వాడే హీమోసయనిన్ అనే పదార్థం. మన రక్తంలో ఉండే ఇనుము బదులు అందులో రాగి ఉంటుంది, ఆక్సిజన్ అందితే నీలంగా మారుతుంది. బొమ్మ పొట్టలో కనిపించే భాగానికి లేత నీలం వేశాను.

గాలి లోపలికీ బయటికీ ఆడటానికి పొట్ట కదలాలి. తేనెటీగ వాలాక దాని పొట్ట ముందుకీ వెనక్కీ సాగుతూ ముడుచుకుంటూ ఉండటం చూసే ఉంటారు. నేను పొట్టని ఒకదాంట్లోకి ఒకటి దూరే ఏడు కాగితపు వలయాలతో చేశాను. వెనక నుంచి నొక్కితే కిసుక్కున లోపలికి పోతుంది. జేబుల్లోకి గాలి వెళ్లే పక్క చీలికలకి బెలూన్ రబ్బరు ముక్క అంటించి నొక్కగానే సన్నగా బుర్రుమని చప్పుడొచ్చింది. తమ్ముడు పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. “అక్కా, నోరు! నోరు కదలదంటే ఇదే కదా!”

మడగాస్కర్‌లో బుసకొట్టే బొద్దింక ఉంది. అది పొట్ట మీది రంధ్రాల్లోంచి గాలిని గట్టిగా తోసి బుసకొడుతుంది. ఊపిరి నోటి నుంచి రాని జీవికి మాట కూడా నోటి నుంచి రానక్కర్లేదు. పెంకుమనుషులు పక్కటెముకల చోటు నుంచి మాట్లాడతారు. ఇద్దరు పెంకుమనుషులు మాట్లాడుకునేటప్పుడు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన నిలబడతారని ఆటలో చాలాసార్లు చూశాం. ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

15వ రోజు

పెంకుమనుషులకి తేనెటీగల్లా రాణి ఉంటుందా లేదా అని గుంపులో పాత వాదన మళ్లీ లేచింది. నా వరకు ఇది తేలిక. తేనెటీగల్లో మగవి ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి పుడతాయి, వాటికి తండ్రి ఉండడు. ఆటలో ద్వారపాలకుడు తన తండ్రి పేరు చెబుతాడు. కాబట్టి తేనెటీగల లెక్క కుదరదు. చెదల్లో రాజూ రాణీ ఇద్దరూ ఉంటారు, పనిచేసేవాళ్లలో ఆడామగా ఉంటారు. సమూహమే కావాలంటే చెదల పద్ధతి తీసుకోవచ్చు. ఇంతకన్నా దీని మీద సమయం పెట్టను.

17వ రోజు

కళ్లు. గాలిబుడగల ప్యాకింగ్ షీటు సన్నరకం తీసుకుని, సగం బంతి మీద పరిచి, పైన వార్నిష్ రెండు పూతలు వేస్తే తేనెపట్టులాంటి కన్ను వచ్చింది. దీపం దగ్గర పెడితే ఒక్కో బుడగలో ఒక్కో చిన్న వెలుగు. ఇప్పటిదాకా ఈ బొమ్మలో అన్నిటికన్నా అందమైన భాగం ఇదే.

కానీ దీని లెక్క మాత్రం కుదరలేదు. తేనెటీగ కంటిలో కటకాలు 5,000 దాకా, తూనీగ కంటిలో దాదాపు 30,000 దాకా ఉంటాయి. అయినా మనలా స్పష్టంగా చూడలేవు. ఒక్కో కటకం మరీ చిన్నదైతే కాంతి చెదిరిపోతుంది. మనిషంత స్పష్టమైన చూపు కావాలంటే ఇలా ఎన్నో కటకాలున్న సంయుక్త నేత్రం మీటరు వెడల్పుండాలని లెక్కలున్నాయి. ద్వారపాలకుడేమో కోట మీద నుంచి దూరాన ఉన్న జెండా మీది రాత చదువుతాడు. ఎగిరి దూకే సాలీడులా కెమెరాలాంటి కళ్లు పెడితే చదవగలడు గానీ, ఆటలో ఆ తేనెపట్టు గళ్లు స్పష్టంగా కనబడుతున్నాయి. తేనెటీగలు చీకటి పట్టులో, పూలు ఎక్కడున్నాయో చెప్పే తోటి ఈగ నాట్యాన్ని మీసాలతో తడిమి తెలుసుకుంటాయి కదా, వీళ్లూ అలా చదువుతారేమో అన్నాడు తమ్ముడు. దగ్గర రాతకైతే సరే, దూరపు జెండాకి ఎలా? ఆ జెండా సంగతి అలాగే ఉండిపోయింది. కళ్లు మాత్రం అతికించేశాను.

20వ రోజు

ఇక అసలు విషయం. ఈ బొమ్మ మొదలుపెట్టిందే దీనికోసం.

పెంకు సాగదు. లోపల ఒళ్లు పెరగాలంటే పాత పెంకు వదిలేయాల్సిందే. పాము కుబుసంలా పైపొర ఒక్కటే అయితే ఫర్వాలేదు. పురుగు విడిచేది పెంకంతా. కంటి మీది పొర, ఆహారనాళం ముందు భాగం, వెనక భాగం లోపలి పొరలు కూడా దాంతోనే వస్తాయి. కొత్త పెంకు అప్పటికే కింద తయారై ఉంటుంది కానీ మెత్తగా, తెల్లగా ఉంటుంది. గట్టిపడి రంగు తేలడానికి గంటలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. అప్పుడే కుబుసం విడిచిన బొద్దింక తెల్లగా ఉండేది అందుకే.

ఇప్పుడు 30 కిలోల ఒళ్లు, పెంకు మెత్తగా ఉన్న పూట. కాళ్లు ఆరో రోజు మట్టికాళ్లలా పరుచుకుపోతాయి. సముద్రపు పీతల్ని నీళ్లు తేల్చి పట్టుకుంటాయి. కొబ్బరి పీత నేల మీదే ఉంటుంది కాబట్టి బొరియ తవ్వుకుని, మూసేసుకుని వారాల తరబడి అందులోనే ఉంటుంది. విడిచిన పెంకుని తినేస్తుంది కూడా, అందులోని ఖనిజాలు వృథా పోకుండా.

బొరియ అని రాసుకోగానే గోడ మీది బొమ్మ వైపు చూశాను. ఇంటి పక్క గుండ్రటి గుంట. దాని మీద మూత.

ఆ గుంట సమాధి కాదు, పాతర కాదు. అది కుబుసం విడిచే గుంట. నిండా నీళ్లుంటాయి, ఒంటిని తేల్చి పట్టుకోవడానికి. మూత బయటివాళ్ల కోసం, ఎందుకంటే ఆ పూట లోపలున్నవాడిని చిన్నపిల్ల కూడా గాయపరచగలదు. రెండో అంకంలో తెగిన చేయి ఐదో అంకానికి వచ్చిందంటే ఈ మధ్యలో అతను గుంటలోకి దిగి వచ్చాడు. పీతలు, సాలీళ్లు, బొద్దింక పిల్లలు పోయిన కాలిని కుబుసం విడిచేటప్పుడు తిరిగి మొలిపించుకుంటాయి. మొదటిసారి కాస్త చిన్నగా, తర్వాతి కుబుసాల్లో మెల్లగా పూర్తి కొలతకి. అందుకే నా బొమ్మకి ఎడమ ముంజేయి కుడిదానికన్నా సెంటీమీటరు పొట్టిగా, రంగు కాస్త లేతగా పెట్టాను. గీసినవాళ్లు మరిచిపోలేదు.

21వ రోజు

నిన్న రాసిన దాంట్లో పెద్ద కన్నం ఉంది. తమ్ముడే పట్టుకున్నాడు. “నీళ్లలో మునిగితే ఊపిరెలా? చీలికలు పొట్ట పక్కన పెట్టావు కదక్కా.”

నిజమే. చీలికలన్నీ పుట్టీతో పూడ్చి, వీపుకి దగ్గరగా మళ్లీ కోశాను. వీపు నీళ్ల పైన తేలితే చాలు. కానీ అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. పుస్తకాకార ఊపిరితిత్తుల రేకుల మీది పొర కూడా పెంకులో భాగమే. కుబుసంతో పాటు అదీ రావాలి. ఎనిమిది జేబులూ ఒకేసారి పొర విడిస్తే ఆ కాసేపు ఊపిరి ఎక్కడ? చిన్న సాలీడు తట్టుకుంటుంది. 30 కిలోల ఒళ్లు తట్టుకుంటుందా? రోజంతా దీనితోనే గడిచింది. జవాబు లేదు.

23వ రోజు

సాయంత్రం తమ్ముడు ఒక ఆకు మీద ఏదో పట్టుకొచ్చాడు. మొక్కల కుండీ కింద తడి మట్టిలో ఉండే బూడిదరంగు జీవి, వుడ్‌లౌస్ అంటారు. పురుగులా కనబడుతుంది గానీ పీతల చుట్టం. వేలిగోరంత కూడా లేదు. భూతద్దం పెట్టి చూశాను. ముందు సగం మామూలు బూడిదరంగు. నడుము దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి, వెనక సగం పాలిపోయి, దాదాపు తెల్లగా ఉంది. ముందు నాలుగైదు జతల కాళ్లు గబగబా కదులుతున్నాయి. వెనకవి వాటి వెంట తడబడుతూ వస్తున్నాయి.

ఇవి కుబుసాన్ని రెండు విడతలుగా విడుస్తాయి! మొదట వెనక సగం, అది గట్టిపడ్డాక కొన్నాళ్లకి ముందు సగం. ఒళ్లంతా ఒకేసారి మెత్తగా ఉండే పూటే ఉండదు. పెంకుమనిషీ అంతే అనుకుంటే మొదట వెనక నాలుగు జేబుల పొర వస్తుంది, ముందు నాలుగు ఊపిరి పీలుస్తాయి. తర్వాత అటువి ఇటు. ఎప్పుడూ రెండు కాళ్లయినా గట్టిగా ఉంటాయి.

దాన్ని తిరిగి కుండీ కింద వదిలేసి వచ్చి ఆటలో సంత దృశ్యం పెట్టి చూశాం. వెనక వరుసలో నిలబడ్డ ఒక పెంకుమనిషి నడుము నుంచి కింద తెల్లగా ఉన్నాడు. అది వెలుగు పడే తీరేమో అని తమ్ముడి అనుమానం. కావచ్చు. కానీ అతని పక్కనున్నవాళ్ల మీద ఆ వెలుగు లేదు.

26వ రోజు

కుబుసం చేస్తున్నాను. బొమ్మ పక్కన దాని ఖాళీ పెంకు కూడా పెట్టాలని మొదటి నుంచీ ఆశ.

బొమ్మకి వంటింటి పలుచని ప్లాస్టిక్ పొర చుట్టి, దాని మీద టిష్యూ కాగితం ముక్కలు నీళ్లు కలిపిన జిగురుతో నాలుగు వరసలు అంటించాను. రెండు రోజులు ఆరనిచ్చాను. గోటితో తడితే టకటకమంటోంది. ముందు నడుము చుట్టూ బ్లేడుతో గీశాను, రెండు విడతల కుబుసం కదా. తర్వాత వీపు మధ్యలో తల నుంచి కిందికి ఒక గీత. నిజమైన పురుగుల పెంకు కూడా వీపు మీది ఈ గీత దగ్గరే పగులుతుంది. అక్కడ పెంకు ముందే పలుచగా ఉంటుంది.

వెనక సగం పొట్ట నుంచి సులువుగానే వచ్చింది. కాళ్ల దగ్గర ఆగిపోయింది. తొడ లావు, మోకాలి కీలు సన్నం. లావుగా ఉన్న తొడ ఆ సన్నటి కీలులోంచి ఎలా బయటికి వస్తుంది? లాగితే టిష్యూ పర్రున చిరిగింది. నూనె రాసినా కుదరలేదు. అరగంట అలాగే కూర్చుండిపోయాను. నా బొమ్మ కాలు గట్టిది, అదీ తేడా. పీతలకి కుబుసం విడిచే ముందు కొండి లోపలి కండ కరిగి చిక్కిపోతుంది. చిక్కిన కండ ఆ సన్నటి కీలు దాటి వస్తుంది, తర్వాత మళ్లీ పెరుగుతుంది. అంటే గుంటలోకి దిగే ముందు రోజుల్లో పెంకుమనిషి బలహీనంగా ఉంటాడు, బరువులు ఎత్తలేడు. పెంకు బయటి నుంచి అలాగే ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకి తెలియదు. తనకి మాత్రమే తెలుసు. నాలుగో అంకంలో ద్వారపాలకుడు గొళ్లెం తీయమని వేరేవాళ్లని అడుగుతాడు, ఎందుకని అడిగితే జవాబు చెప్పడు. ఆ చోట ఆటలో ఒక్క మాటా లేదు. నేను ఆ దృశ్యం ఎన్నిసార్లు చూశానో, గర్వం అనుకున్నాను ఇన్నాళ్లూ.

కాళ్ల టిష్యూని పక్క నుంచి కోసి తీసి మళ్లీ అతికించాను. లోపలి వైపు, జేబులున్న చోట పలుచని తెల్ల రేకులు దొంతరగా వేలాడదీశాను. కీచురాయి విడిచిన పెంకుని ఎప్పుడైనా చీల్చి చూస్తే లోపల తెల్లటి దారాలు కనబడతాయి, అవి దాని వాయునాళాల పొరలు. ఇక్కడ దారాల బదులు రేకులు.

28వ రోజు

రెక్కలు తీసేశాను. ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద సన్నని తీగతో ఈనెలు వేసి ఎప్పుడో చేసి పెట్టుకున్నవి. వదులుకోవడం కష్టంగానే ఉంది.

పురుగుల్లో రెక్కలొచ్చాక ఇక కుబుసం ఉండదు. పనికొచ్చే రెక్కలొచ్చాక కూడా ఇంకోసారి కుబుసం విడిచేవి మేఫ్లైలు అనే పురుగులు ఒక్కటే, అదీ ఒకేసారి. రెక్క అంటే రెండు పలుచని పెంకుపొరలు అతుక్కున్నది. లోపల జీవమున్న కణాలు దాదాపు ఉండవు, కొత్త రెక్కని తయారుచేసేవాళ్లు ఎవరూ లేరక్కడ. రెక్కలు లేని సిల్వర్‌ఫిష్ అనే పురుగు మాత్రం పెద్దదయ్యాక కూడా బతికినన్నాళ్లూ కుబుసం విడుస్తూనే ఉంటుంది. పెంకుమనుషులు చాలాకాలం సిల్వర్‌ఫిష్‌లా బతికి, చివరి కుబుసంలో రెక్కలు తెచ్చుకుంటారని నా ఊహ. 30 కిలోల ఒంటిని ఆ రెక్కలు లేపలేవు. ఎండకి విప్పి ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి పనికొస్తాయి, సీతాకోకచిలుకలు చేసినట్టు. ముసలివాళ్లు మెట్ల మీద రెక్కలు విప్పి కూర్చునే దృశ్యాలన్నీ పగటివే. వెతికి చూశాం, రాత్రిపూట ఒక్కటీ లేదు.

నా బొమ్మ ఐదో అంకం నాటి ద్వారపాలకుడు. ఇంకా కుబుసాలున్నవాడు, చేయి మొలుస్తున్నవాడు. అతనికి రెక్కలుండకూడదు. ఆఖరి అంకంలో అతను రెక్కలతో వస్తాడు. అంటే ఆ తర్వాత ఏది తెగినా ఇక మొలవదు. ఆ అంకంలో అతను మళ్లీ అదే ద్వారం దగ్గర, కత్తి పట్టుకునే నిలబడి ఉన్నాడు. తమ్ముడికి ఇది చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత రెక్కల్ని దూది మధ్య పెట్టి డబ్బాలో సర్దాడు, వాటిమీద గీత పడకుండా.

30వ రోజు

రంగులు పూర్తయ్యాయి. వెనక సగం లేత పాలరంగు, ముందు సగం ముదురు గోధుమ. గట్టిపడుతున్న పెంకు ఒకేసారి ముదరదు కాబట్టి నడుము దగ్గర నాలుగు పలుచని పూతలు వేసి, ఒక్కోటి ఆరాక తర్వాతది వేశాను. వెనక సగం కుబుసం బొమ్మ పక్కనే నిలబడింది. ఊదితే కదులుతుంది. ముందు సగం ఇంకా ఒంటి మీదే ఉంది.

తూకం వేస్తే మొత్తం 640 గ్రాములు. నాలుగు కాళ్లూ నిటారుగా ఉన్నాయి. గుంటకి అడుగు ప్లైవుడ్ కోసి పెట్టాను. మూత మీది గీతలు ఎలా ఉండాలో తేలలేదు. ప్రతి ఇంటికీ వేరుగా ఉన్నాయి కదా, అవి ఆ ఇంటివాళ్లు ఎన్నిసార్లు దిగారో లెక్క అయి ఉండొచ్చని తమ్ముడంటున్నాడు. ద్వారపాలకుడి ఇంటి మూత కోసం రెండో అంకం మళ్లీ మొదటి నుంచి ఆడుతున్నాడు, నేను పక్కన కాగితం పట్టుకుని కూర్చున్నాను.